తెలియని నంబరుకు రూము అడ్వాన్సు కొట్టొచ్చా? లాడ్జిలో దిగాక ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: అనంతపురం నుంచి అమ్మానాన్నలను తీసుకుని మంత్రాలయం, శ్రీశైలం, తిరుగుదారిలో గండికోట వెళ్తున్నారు. మంత్రాలయంలో రూము కోసం గూగుల్‌లో వెతికితే ఒక నంబరు దొరికింది. వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపి, రెండు రోజులకు 3,200 అని, సగం ఇప్పుడే ఫోన్‌పే కొడితేనే రూము ఖాయమని చెప్పారు. కొట్టొచ్చా? అక్కడికి వెళ్ళాక ఆధార్, కార్డు ఇవ్వడం వల్ల ఇబ్బంది ఉందా?

ముందు సూటిగా చెప్తాను. ఆ నంబరుకు ఇప్పుడే ఒక్క రూపాయి కూడా కొట్టకండి. అది కచ్చితంగా మోసం అని నేను అనడం లేదు. అసలైన లాడ్జివాళ్ళు కూడా అచ్చం ఇలాగే మాట్లాడతారు, ఇలాగే సగం అడ్వాన్సు అడుగుతారు. చిక్కంతా అక్కడే ఉంది. మాట తీరును బట్టి, ఫొటోలను బట్టి ఎవరు అసలో ఎవరు నకిలీయో తేల్చలేరు. నంబరు ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టే తేల్చాలి. ఇక రూములో దిగాక జరిగే మోసాలు చాలావరకు చిన్నవి, వందల్లో పోతాయి. వేలు, లక్షలు పోయేది మాత్రం ఇల్లు కదలకముందే, ఫోనులోనే. అందుకే ఈ జవాబులో సగం బుకింగ్ గురించే ఉంటుంది.

గూగుల్ మ్యాప్స్‌లో ఏ లాడ్జి పేరు నొక్కినా కింద 'సవరణ సూచించండి' అని ఉంటుంది. ఫోన్ నంబరు మార్చమని ఎవరైనా పంపొచ్చు. యజమాని ఆ పేజీని తన పేరిట ధ్రువీకరించుకోకపోతే, అలాంటి మార్పు ఎవరూ గమనించకుండానే పడిపోతుంది. మన వైపు పాత లాడ్జీల్లో చాలావాటికి ఆ పేజీ ఉందన్న సంగతే యజమానికి తెలియదు. అంటే పేరు అసలుది, ఫొటోలు అసలువి, రివ్యూలు అసలువి, నంబరు ఒక్కటే దొంగది. ఇంకో రకం, వెతికినప్పుడు అన్నిటికన్నా పైన 'స్పాన్సర్డ్' అని వచ్చే ప్రకటనలు. డబ్బు కట్టిన ఎవరైనా అక్కడ కూర్చోవచ్చు. అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంది కదా అంటారేమో. ఆ తాళానికి అర్థం మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య ఎవరూ దూరలేరని మాత్రమే, అవతల ఉన్నది దొంగ కాదని కాదు.

మీ చేతిలో ఉన్న నంబరును ఇలా పరీక్షించండి. పది నిమిషాల పని.

మొదట, అదే లాడ్జి నంబరును ఇంకో రెండు చోట్ల వెతకండి. పెద్ద బుకింగ్ యాప్‌లో ఆ లాడ్జి ఉంటే అక్కడి వివరాలు చూడండి, జస్ట్‌డయల్‌లో చూడండి, జనం మ్యాప్స్‌లో పెట్టిన ఫొటోల్లో బోర్డు మీద రాసున్న నంబరు చూడండి. ఈ బోర్డు ఫొటో అన్నిటికన్నా నమ్మదగినది. రెండేళ్ళ కిందట ఎవరో భక్తుడు తీసిన ఫొటోలో గోడ మీద పెయింటుతో రాసిన నంబరును దొంగ మార్చలేడు. ల్యాండ్‌లైన్ ఉంటే ఇంకా మంచిది. కోడ్ ఊరికి సరిపోవాలి: కర్నూలు 08518, అనంతపురం 08554, కడప 08562, పుట్టపర్తి 08555, శ్రీశైలం 08524. చిన్న లాడ్జీలకు ల్యాండ్‌లైన్ ఉండకపోవచ్చు, లేనంత మాత్రాన అనుమానించక్కర్లేదు.

తర్వాత వాళ్ళు పంపిన ఫొటోలను గూగుల్ లెన్స్‌లో (ఫొటో పెట్టి వెతికే యాప్) వేయండి. మంత్రాలయం రూము అని పంపింది ఊటీలోనో గోవాలోనో రిసార్టు పేజీలో తేలితే అక్కడితో కథ అయిపోయినట్టే. కానీ ఏమీ తేలకపోతే అసలువని అనుకోకండి, అసలు లాడ్జి పేజీ నుంచే దింపిన ఫొటోలు కూడా కావచ్చు.

అప్పుడు ఫోన్ చేసి, వీడియో కాల్‌లో కౌంటరు, దాని వెనక తాళాల బోర్డు, గుమ్మం బయట పేరు బోర్డు ఆపకుండా ఒకే నడకలో చూపించమనండి. కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి ఇది అర నిమిషం పని. 'మేనేజరు లేడు', 'నెట్ రావట్లేదు', 'మేం బెంగళూరు బుకింగ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం' అంటే వదిలేయండి.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. డబ్బు కొట్టే ముందు ఖాతాదారు పేరు వాళ్ళ నోటితోనే చెప్పించండి. యూపీఐలో నంబరో స్కానరో వేయగానే బ్యాంకులో నమోదైన పేరు తెర మీదికి వస్తుంది. 2025 జూన్ 30 నుంచి యాప్‌లన్నీ బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపించాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నిబంధన, అవతలి మనిషి తనకు తాను పెట్టుకున్న ముద్దుపేరు చూపిస్తే కుదరదు. అయితే లాడ్జి పేరుకు బదులు మనిషి పేరు వచ్చినంత మాత్రాన మోసం కాదు. మన జిల్లాల్లో చిన్న లాడ్జీలు సగానికి సగం యజమాని సొంత ఖాతా స్కానరే కౌంటరు మీద పెట్టుకుంటాయి. అందుకే తెర మీద వచ్చిన పేరు మీరు బయటపెట్టకుండా, 'ఎవరి పేరు వస్తుందండీ?' అని అడగండి. యజమాని అయితే తడుముకోకుండా చెప్తాడు. దొంగ వాడేది అద్దెకు తీసుకున్న ఎవరిదో ఖాతా, అది రోజుకొకటి మారుతుంది, కాబట్టి తడబడతాడు, లేదా 'అది మా అకౌంటెంటుది సార్' అంటాడు. ఇంటిపేరు, ఊరు ఏ మాత్రం పొంతన లేని పేరు వస్తే ఆగిపోండి.

ఇంకా అనుమానం మిగిలితే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో అనుమానితుల వివరాలు వెతికే విభాగం ఉంది. ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ, సైటు అడ్రసు వేస్తే ముందే ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే చెప్తుంది. కొత్త నంబరైతే అక్కడ ఏమీ కనబడదు.

ఇప్పుడు ఆ 1,600 కొడితే ఏం జరుగుతుందో చెప్తాను. వాళ్ళకు కావలసింది ఆ 1,600 కాదు, అది గాలానికి గుచ్చిన ఎర. మీరు కొట్టగానే ఫోన్ వస్తుంది, గొంతు చాలా మర్యాదగా ఉంటుంది:

'సార్, మీరు 1,600 రౌండుగా వేశారు. మా సాఫ్ట్‌వేర్ 1,600 రూపాయల 50 పైసలు అయితేనే స్లిప్ తీస్తుంది. ఇంకోసారి 50 పైసలతో కలిపి కొట్టండి, మొదటిది ఆటోమేటిగ్గా మీ ఖాతాలో పడిపోతుంది.'

కొడతారు. ఐదు నిమిషాలకు మళ్ళీ: 'రెండు ఎంట్రీలు పడేసరికి మీ బుకింగ్ లాక్ అయింది సార్. రీఫండ్ ఫైలు తెరవాలంటే జీఎస్టీ 4,999 కట్టాలి, మొత్తం కలిపి తిరిగి వస్తుంది.' అప్పటికే మూడు వేల పైన ఇరుక్కున్నారు కాబట్టి అది రాబట్టుకోవాలన్న తాపత్రయంతో ఇదీ కొడతారు. చివరి మెట్టు ఇంకా దారుణం: 'రీఫండ్ కోసం యాప్ తెరిచి, అమౌంట్ అన్నచోట మీ బుకింగ్ కోడ్ 18742 వేయండి, పిన్ కొట్టండి.' ఆ గడిలో ఏ అంకె వేసినా అది రూపాయలే. కోడ్ అనుకుని 18,742 రూపాయలు పంపేస్తారు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే, పెద్దవాళ్ళకు కూడా చెప్పండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోతోందని. మనిషి నుంచి మనిషికి యూపీఐలో డబ్బు అడిగే 'కలెక్ట్ రిక్వెస్టు'ను ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి తీసేసింది. దాంతో దొంగలు ఎక్కువగా ఈ 'కోడ్' మాటలకు, స్కానర్లకు దిగారు.

మంత్రాలయం విషయానికి వస్తే, మఠం వసతి గృహాల్లో రూము కావాలంటే మఠం సొంత సైటులోగానీ, అక్కడి కౌంటరులోగానీ తీసుకోండి. మఠం పేరు చెప్పి మనిషి ఖాతాకు కొట్టమన్నారంటే ఇంక ఆలోచించక్కర్లేదు. లాడ్జికి మనిషి పేరు రావచ్చని పైన చెప్పిన సడలింపు మఠాలకు, దేవస్థానాలకు వర్తించదు, వాటికి సంస్థ పేరే రావాలి. అసలు రాఘవేంద్రస్వామి ఆరాధన రోజులు, గురువారాలు, వారాంతాలు తప్పిస్తే మంత్రాలయంలో అడ్వాన్సు లేకుండా నేరుగా వెళ్ళి చూసి దిగొచ్చు. మీరు సోమ, మంగళవారాల్లో వెళ్తుంటే అదే చేయమంటాను. ఆరాధన మాత్రం శ్రావణ బహుళ విదియకు అటూ ఇటూ, ఆ రోజుల్లో ముందే తీసుకోక తప్పదు.

శ్రీశైలానికి ఇంకాస్త జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడ దేవస్థానం గదులే కాక కులసంఘాల సత్రాలు చాలా ఉన్నాయి, వాటి పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. నకిలీ సైటు కట్టేవాడికి అంతకన్నా ఏం కావాలి? యాత్రికులకు రూముల పేరుతో, హెలికాప్టర్ టికెట్ల పేరుతో నకిలీ సైట్లు పెడుతున్నారని 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం దేశమంతటికీ హెచ్చరిక ఇచ్చింది. డాట్ ఇన్, డాట్ ఆర్గ్, డాట్ కామ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. డాట్ గవ్ డాట్ ఇన్ మాత్రం ప్రభుత్వానికే ఇస్తారు. అందుకని గూగుల్‌లో వెతక్కుండా దేవాదాయ శాఖ సైటు ఏపీటెంపుల్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని మీరే టైప్ చేసి, అక్కడి నుంచి శ్రీశైలానికి వెళ్ళండి. సత్రం అయితే మీ ఊళ్ళో ఆ సంఘం పెద్దలు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళ దగ్గర నంబరు తీసుకోవడం గూగుల్ కన్నా నయం.

గండికోటలో పరిస్థితి వేరు. అక్కడ రాష్ట్ర పర్యాటక సంస్థ హరిత హోటల్ ఉంది. అది నిండితే జనం ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడే గుడారాల వాళ్ళకు డబ్బు కొడతారు. లోయ అంచున గుడారం, మంట, మబ్బులు, 'ఇద్దరికి 1,999'. గుడారాలవాళ్ళలో పద్ధతిగా నడిపేవాళ్ళు ఉన్నారు. కానీ గుడారానికి బోర్డు ఉండదు, గోడ ఉండదు, పోయి నిలదీయడానికి కౌంటరు ఉండదు. పేజీ పేరు ఎన్నిసార్లు మారిందో ఇన్‌స్టాగ్రామ్‌లోనే 'ఈ ఖాతా గురించి' అన్నచోట కనబడుతుంది. మొన్నటిదాకా సెల్‌ఫోన్ల ఆఫర్ల పేజీగా ఉన్నది ఇవాళ గుడారాల పేజీ అయిందంటే సంగతి తెలిసిపోతుంది. పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి నన్నడిగితే గుడారం వద్దు, జమ్మలమడుగులో మామూలు లాడ్జిలో దిగి తెల్లవారుజామున కారులో కోటకు వెళ్ళండి.

బుకింగ్ యాప్‌లలో చేసుకున్నా ఒక ఉచ్చు ఉంది. దొంగలు హోటల్ కంప్యూటరులోకి చొరబడి, హోటల్ ఖాతా నుంచే మీకు మెసేజ్ పంపుతారు. అందులో మీ పేరు, తేదీలు, బుకింగ్ నంబరు అన్నీ సరిగ్గా ఉంటాయి. '24 గంటల్లో కార్డు ధ్రువీకరించకపోతే రూము రద్దు' అని లింకు ఉంటుంది. వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా అని నమ్ముతారు. ఆ మెసేజ్‌ని వదిలేసి యాప్ మీరే తెరిచి చూడండి, నిజంగా బాకీ ఉంటే అక్కడ కనబడుతుంది. అలాగే 'బుకింగ్ వోచర్', 'హోటల్ బిల్లు' అని వాట్సాప్‌లో వచ్చే ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది రసీదు కాదు, ఫోనులో దిగే యాప్. దిగిందంటే మీ మెసేజ్‌లు, ఓటీపీలు వాడి చేతికి పోతాయి. రసీదు ఎప్పుడూ పీడీఎఫ్ గానో ఫొటోగానో వస్తుంది.

సరే, అక్కడికి చేరాక.

బస్టాండులో ఆటో ఎక్కి లాడ్జి పేరు చెప్పగానే 'అది మూసేశారు సార్, ఇంకో మంచిది చూపిస్తా' అనే మాట మన ఊళ్ళలో కొత్త కాదు. గిరాకీని తెచ్చినందుకు లాడ్జి ఆటోకు కమీషన్ ఇస్తుంది, అది మీ అద్దెలోనే కలుస్తుంది. ఆటోలోంచే లాడ్జికి ఫోన్ చేసి స్పీకరులో మాట్లాడండి, చాలు.

చెక్ అవుట్ ఎప్పుడని తాళం తీసుకునే ముందే అడగండి. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, చూడ్డానికి మోసంలా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కొన్ని లాడ్జీలు 24 గంటల పద్ధతి, అంటే తెల్లవారుజామున 4కు దిగితే మర్నాడు 4 దాకా మీదే. కొన్ని మధ్యాహ్నం 12 పద్ధతి, అంటే 4కు దిగి 12 దాటగానే రెండో రోజు అద్దె పడుతుంది. మంత్రాలయం రోడ్డులోనో గుంతకల్లులోనో తెల్లవారకముందే రైలు దిగేవాళ్ళకు ఇది సరిగ్గా రెట్టింపు ఖర్చు. రిజిస్టరులో దిగిన సమయం మీ కళ్ళ ముందే రాయించండి. కొన్నిచోట్ల 5 అని రాయవలసింది 3 అని రాసి మర్నాడు రెండు గంటలు కలుపుతారు. ఏసీ రూముకు ఏసీ లేని రూము ధర చెప్పి, రిమోట్ అడిగినప్పుడు 500 అదనం అనడం, మూడో మనిషికి పరుపు వేసి మర్నాడు బిల్లులో వేయడం ఇవన్నీ ఈ కోవలోవే. 'అన్నీ కలిపి ఎంత?' అని అడిగి ఆ అంకె వాట్సాప్‌లో పెట్టించుకోండి.

బిల్లులో జీఎస్టీ చూడండి. రాత్రికి 7,500 వరకు ఉన్న రూముకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. పాత అలవాటున 12 వేసే బిల్లులు ఇంకా కనబడితే ఆశ్చర్యపోను. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, మన రాష్ట్రానిది 37తో మొదలవుతుంది (తెలంగాణ 36, కర్ణాటక 29). బిల్లు మీద ఆ నంబరు లేకుండా జీఎస్టీ అని వసూలు చేస్తే అది ప్రభుత్వానికి పోదు, జేబులోకి పోతుంది. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు వేసి చూస్తే వ్యాపారం పేరు వస్తుంది, లాగిన్ అక్కర్లేదు. హోటల్ రెస్టారెంటులో సర్వీసు చార్జి బలవంతంగా వేయకూడదని 2022 జులై 4న వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. కానీ నీళ్ళ బాటిల్ గురించి గొడవపడకండి. బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డిస్తే ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆధార్ సంగతి. 'హోటళ్ళు ఆధార్ కాపీ తీసుకోవడం నేరం' అని ఒక ఫార్వర్డ్ తిరుగుతుంటుంది. అది 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఇచ్చిన ప్రకటన, తప్పుగా అర్థమవుతోందని రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. లాడ్జివాళ్ళు గుర్తింపు కార్డు అడగడం మామూలే, పోలీసులు రిజిస్టరు చూస్తారు. కానీ ఆధారే ఇవ్వాలని లేదు. డ్రైవింగ్ లైసెన్సో ఓటరు కార్డో ఇవ్వండి. ఆధారే కావాలంటే ఆధార్ సైటు నుంచి మాస్క్‌డ్ కాపీ దింపుకోండి, అందులో మొదటి 8 అంకెలు కనబడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. ఫైలు తెరవడానికి పాస్‌వర్డు మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవిగా, తర్వాత పుట్టిన సంవత్సరం. జిరాక్స్ ఇస్తే దాని మీద, ఫొటో మీదుగా పోయేట్టు పెన్నుతో 'ఫలానా లాడ్జిలో బసకు మాత్రమే' అని తేదీ రాయండి. తెల్లటి అంచుల్లో రాస్తే కత్తిరించేస్తారు. ఒరిజినల్ కార్డు కౌంటరులో వదలకండి. అమ్మానాన్నల ఆధార్ బయోమెట్రిక్‌ను యాప్‌లో లాక్ చేసి పెట్టండి. ఆధార్ నంబరు, వేలిముద్ర నకలు దొరికితే బ్యాంకు మిత్ర మిషన్లో డబ్బు తీసే మోసానికి అది అడ్డుకట్ట. పింఛనుకో రేషనుకో వేలిముద్ర వేయాల్సిన రోజు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు.

కార్డు అయితే మీ కళ్ళ ముందే మిషన్లో పెట్టాలి, లోపలికి తీసుకెళ్ళనివ్వకండి. డిపాజిట్ అని కొంత సొమ్ము బ్లాక్ చేస్తారు, డెబిట్ కార్డుతో చేస్తే అది వదలడానికి రోజులు పడుతుంది, అన్నాళ్ళూ మీ డబ్బు మీకు అందదు. క్రెడిట్ కార్డు ఇవ్వండి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేసి ఉంచండి. మన దేశంలో ఆన్‌లైన్‌కు ఓటీపీ కావాలి గానీ విదేశీ సైట్లలో కార్డు నంబరు, గడువు తేదీ, వెనక మూడంకెలు ఉంటే చాలాచోట్ల డబ్బు పోతుంది.

రూములో ఫోన్ మోగితే అమ్మానాన్నలు ఎత్తే అవకాశం ఎక్కువ కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. రాత్రి పదకొండుకు ఫోన్: 'రిసెప్షన్ నుంచి సార్. మీ పేమెంటు పడలేదు, ఓటీపీ వస్తుంది చెప్పండి, పొద్దున ఇబ్బంది పడకుండా.' బయటివాడు హోటల్ నంబరుకు చేసి 'ఫలానా రూముకు కలపండి' అంటే ఆపరేటరు కలిపేస్తాడు, మీకు అది లోపలి కాల్ లాగే ఉంటుంది. 'కిందికి వచ్చి కడతాం' అని పెట్టేయమనండి. అంతకు మించి ఏమీ మాట్లాడక్కర్లేదు. బల్ల మీద అతికించిన భోజనం స్కానరు, వైఫై స్కానరు కూడా ఒకసారి గోటితో గీకి చూడండి. ఒకదాని మీద ఇంకొకటి అతికించి ఉంటే తెలుస్తుంది. వైఫై పేరు కౌంటరులో అడిగి వేసుకోండి. బ్యాంకు పనులకు సొంత డేటా వాడండి.

రహస్య కెమెరాల గురించి మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. లైట్లన్నీ ఆర్పి ఫోన్ టార్చి కంటి పక్కన పట్టుకుని మంచానికీ స్నానాల గదికీ ఎదురుగా ఉన్న వస్తువులను మెల్లగా చూడండి: గడియారం, పొగ గుర్తించే పరికరం, చార్జింగ్ అడాప్టరు, సెటాప్ బాక్సు. కటకం ఉంటే సూది మొనంత చుక్క మెరుస్తుంది. అద్దం మీద వేలు పెట్టి ఖాళీ చూసే పరీక్షను నమ్మకండి, మామూలు అద్దాలు కూడా దాన్లో తప్పుతాయి. దొరికితే పీకకండి, గుడ్డ కప్పి ఫొటో తీసి పోలీసుల అత్యవసర నంబరు 112కు చేయండి. ఐటీ చట్టం 66ఈ, భారతీయ న్యాయ సంహిత 77 కింద నేరం, మీరు పీకేస్తే సాక్ష్యం పోతుంది.

పోలీసులమని తలుపు కొట్టి 'కేసు పెడతాం, పది వేలు ఇవ్వండి' అనే రకం ఉన్నారు, ముఖ్యంగా చిన్న వయసు జంటలను చూసి. ఇద్దరూ మేజర్లయితే పెళ్ళి కాకపోయినా హోటల్లో ఉండటం నేరం కాదు, 2019లో మద్రాసు హైకోర్టు స్పష్టంగా చెప్పింది. తలుపు గొలుసు వేసే ఉంచి గుర్తింపు కార్డు అడగండి, అదే సమయంలో 112కు చేసి 'మీవాళ్ళేనా' అని కనుక్కోండి. సోదా అయితే వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెప్తుంది. నిజమైన పోలీసు ఫోన్‌పే నంబరు ఇవ్వడు.

ఇక ఇప్పటికే డబ్బు కొట్టేసి ఉంటే. సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి వెంటనే చేయండి. స్టేషనుకు వెళ్ళి వద్దాం, రేపు బ్యాంకుకు వెళ్దాం అనుకోకండి. ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ ఉంటుంది, ఏటీఎంలో తీసేలోపు ఎక్కడో ఒకచోట ఆపగలిగితేనే వెనక్కి వచ్చే ఆశ. చేతిలో పెట్టుకోవలసినవి: మీ బ్యాంకు, ఖాతా నంబరు, 12 అంకెల యూపీఐ రెఫరెన్సు నంబరు (యాప్‌లో ఆ లావాదేవీ నొక్కితే కింద యూటీఆర్ అని ఉంటుంది), మొత్తం, సమయం, అవతలి యూపీఐ ఐడీ. విడతలుగా కొట్టి ఉంటే ప్రతిదానికీ విడిగా నంబరు ఇవ్వాలి, ఒక్కటి ఇచ్చి ఊరుకోవద్దు. ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా వస్తుంది, దానితో 24 గంటల్లోపు పైన చెప్పిన సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో వివరాలు పూర్తి చేయండి. వాట్సాప్ సంభాషణ చెరపకండి, ఎగుమతి చేసి పెట్టుకోండి.

ఒక చేదు నిజం కూడా తెలుసుకోండి. మీ ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోయి, బ్యాంకు తప్పు కూడా లేకపోతే, మూడు పనిదినాల్లోపు చెప్తే మీ మీద భారం పడకూడదని ఆర్‌బీఐ 2017 జులై 6 ఉత్తర్వు. మీ చేత్తో మీరే పిన్ కొట్టి పంపినదానికి ఆ రక్షణ చాలావరకు దక్కదు, ఓటీపీ చెప్పినా అంతే. అందుకే 1930కి మొదటి గంటలో చేసే కాల్ మీదే ఆశంతా.

మోసం కాక మామూలు పేచీ అయితే, అంటే అసలు లాడ్జే అడ్వాన్సు మింగడం, చెప్పిన రూము ఇవ్వకపోవడం లాంటివైతే, అది సైబర్ కేసు కాదు. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైను, తేలకపోతే వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు. 5 లక్షల లోపు వాటికి రుసుము లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, లాడ్జి కర్నూలు జిల్లాలో ఉన్నా మీరు అనంతపురం జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు. దీనికి కావలసింది రసీదు, ధర చెప్పిన వాట్సాప్ మెసేజ్. అందుకే పైన 'వాట్సాప్‌లో పెట్టించుకోండి' అన్నాను.

మీ 3,200 రూముకు సంబంధించి ఇవాళ చేయవలసింది: బోర్డు ఫొటోలోని నంబరు వెతకండి, దానికి మీరే చేసి 'ఫలానా తేదీకి మా పేరు మీద బుకింగ్‌కు అడ్వాన్సు అడిగారా, వాట్సాప్ చేసిన ఈ నంబరు మీదేనా' అని అడగండి. మాదే అంటే, మొత్తంలో సగం కాకుండా ఒక్క రాత్రిలో సగం, అంటే 800 అడ్వాన్సుగా ఇస్తామనండి. ఒప్పుకుంటారు. మాది కాదంటే మీరు వాళ్ళకు మేలు చేసినట్టు. మ్యాప్స్‌లో నంబరు మార్చేశారని అప్పటిదాకా వాళ్ళకు తెలిసి ఉండదు.